రెప్పల కాపలా

కోడలిని కంటికి రెప్పలా కాచుకునే అత్తలు ఉంటారు. చినరేవులో సన్యాసమ్మ ఇంకో అడుగు ముందుకేసి కోడలి కంటిరెప్పలనే కాపలా కాస్తోంది.

ఇంటి ముందు ఇసుకలో పాత వల పరిచి దాని మీద నెత్తళ్ళ చేపలు ఎండబోసింది. చేతిలో సరుగుడు కొమ్మ. కాకి వాలితే "హుష్" అని ఒక విసురు. గడప లోపల చాప మీద కూర్చున్న దుర్గ తల వాలితే "దుర్గా!" అని ఒక కేక. కాకికీ కోడలికీ గొంతులో పెద్ద తేడా లేదు.

"మేలుకునే ఉన్నానత్తా."

"ఉండాల. పచ్చిబాలింతవి. పగలు కన్ను మూసినావంటే ఒళ్ళు నీరు పట్టేత్తాది. పాలు పులిసిపోతాయి. పిల్లకి పడిశెం పడతాది."

ఈ మూడూ సన్యాసమ్మకి వాళ్ళ అత్త చెప్పింది. పులిసిన పాలు చూసినవాళ్ళెవరని ఆవిడా అడగలేదు, ఈవిడా అడగలేదు. అలాగని సన్యాసమ్మ చెడ్డ అత్త కాదు. అత్త కంటే ముందు ఆమె దుర్గకి మేనత్త. తల్లి లేని పిల్లని అన్నగారి ఇంటి నుంచి తెచ్చుకుని, కాన్పు తన చేతుల మీదే చేయించుకుంది. బాలింతకి పెట్టే కాయం ముద్ద తనే నూరింది. పాలు పడతాయని సొరచేపని పొడిపొడిగా వండి దగ్గర కూర్చుని తినిపించింది. కునుకు పట్టకుండా చేతికి పని కూడా ఇచ్చింది. చినిగిన వలా, వెదురు సూదీ ఒడిలో పడేసి బాగు చెయ్యమంది. చెయ్యి ఆడుతుంటే కన్ను ఆగుతుందని ఆమె లెక్క.

దుర్గ చెయ్యి ఆడటం కాదు, పరుగెడుతోంది. సూది దూరడం, ముడి పడటం, మళ్ళీ దూరడం. పక్కన చీరముక్కలో చుట్టిన పాప పడుకుని ఉంది. చూడటానికొచ్చిన ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

"నా కోడలు పురుడు దాటకుండానే పట్టపగలు గురకెట్టినాదప్పా," అంది నూకాలమ్మ. కాన్పులకీ కర్మలకీ ఊళ్ళో మొదటి మాట ఆ ముసలమ్మదే. "దీన్ని సూడు. మగోడు కూడా ఇంత బేగి వల కట్టలేడు."

సన్యాసమ్మ మొహం చేటంతయింది. "నా దగ్గిర పెరిగినట్టే కదప్పా. ఒక్క రెప్ప వాలనిత్తానేటి?"

రాత్రుళ్ళు పాప ఏడుస్తుంది. పాప పడుకున్నాక కూడా దుర్గ పడుకోవడం లేదని సన్యాసమ్మకి తెలియదు. పగలంతా కాపలా కాసిన మనిషి, చీకటి పడి చాప తగిలితే దుంగే.

సంతకెళ్ళి వచ్చిన మావగారు తాతారావు, వల ఎంతవరకు వచ్చిందోనని అంచు పట్టుకుని ఎండలోకి లాగాడు. చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. వేలు పెట్టి చూశాడు. చినిగినచోటే కాదు, బాగున్నచోట కూడా కన్నులన్నీ మూసుకుపోయి ఉన్నాయి. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. వల గోనెపట్టాలా తయారైంది.

"ఏటమ్మా ఇది? ఇందులో సేప మాట అలగుంచు, నీరు కూడా దూరదు."

"దూరకూడదనే కదా మావా," అంది దుర్గ తలెత్తకుండా.

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. సన్యాసమ్మా నవ్వింది. దుర్గ నవ్వలేదు. తాతారావు కూడా నవ్వలేదు. పెళ్ళాన్ని పక్కకి పిలిచాడు.

"ఆ పిల్లని కాసేపు తొంగోనీవే. సంద్రం మీద మాకే వంతులుంటాయి. సుక్కాని పట్టినోడు రెండోవోడి సేతిలో ఎట్టి, ఆడు 'పట్టుకున్నాను' అని నోటితో అంటేగానీ ఒగ్గడు. ఆ మాట ఇన్నాకే నడుం వాలుత్తాడు. దీనికి వంతు పట్టుకున్నోళ్ళేరీ?"

"ఇదేటి తెప్పా? బాలింత. ఆడోళ్ళ ఇసయం నీకెందుకు? నువ్వెల్లి నీ సుక్కాని పట్టుకో."

ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు. తాతారావు తుండుగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు. వెళుతూ వెళుతూ ఒకసారి వెనక్కి చూశాడు. దుర్గ సూది ఆగలేదు.

మర్నాడు పొద్దున్నుంచి దుర్గ పాపతో కబుర్లు మొదలుపెట్టింది. మాటకీ మాటకీ సందు లేదు. డిసెంబరులో సునామీకి సముద్రం పొంగిన సంగతి చెబుతోంది. చినరేవులో ఆ రోజు నీరు తెప్పల దాకా వచ్చి వెనక్కి పోయింది, అంతే. కానీ పలాసలో ఎవరింట్లోనో అందరూ కూర్చుని టీవీలో చూసినదంతా దుర్గ కడుపులో బిడ్డతో పాటు మోసింది. "మల్లీ లెగుత్తాది. నీకు తెలీదు, నాకు తెలుసు. నాను సూత్తన్నాను కాబట్టి ఆగినాది," అంటోంది పాపతో. బయట సన్యాసమ్మకి మాటలు సరిగ్గా వినపడలేదు, గొంతు మాత్రం వినపడింది. మాట్లాడుతోందంటే మేలుకుని ఉన్నట్టే కదా. ఆమె ప్రాణం హాయిగా ఉంది.

ఎండుచేపలు కొనేవాడు ఆటోలో వచ్చాడు. నెత్తళ్ళు ఇంకా పచ్చిగా ఉన్నాయని వాడూ, ఎండలో ఒక్క పూట చాలని సన్యాసమ్మా కాసేపు వాదులాడుకున్నారు. వాడు వెళ్ళాక ఇటు తిరిగితే చాప ఖాళీగా ఉంది. పాపా లేదు. మూల ఉన్న కొత్త వలకి, అది తేలడానికి కట్టిన బెండ్లు లేవు. తాడు కత్తితో కోసి ఉంది.

సన్యాసమ్మ ఒడ్డుకి పరుగెత్తింది.

తెప్పలు ఒక్కొక్కటే వస్తున్నాయి. దూరంగా మగాళ్ళు పాట అందుకుని ఒక తెప్పని ఇసుక మీదకి లాగుతున్నారు. ఇటు వైపు ఎవరూ లేనిచోట దుర్గ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. చేతుల్లో పాప. తువ్వాల్లో చుట్టిన ఆ పసిగుడ్డుకి చుట్టూ వల బెండ్లు కట్టి ఉన్నాయి. ప్రతి ముడీ వల ముడే, చేయి తిరిగిన ముడే. దుర్గ వంగి పాపని నీళ్ళ మీద పెట్టబోతోంది.

కేకలేయడంలో చినరేవులో సన్యాసమ్మని మించినవాళ్ళు లేరు. ఆ కేక గొంతు దాకా వచ్చి ఆగింది. అరిస్తే చెయ్యి జారుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చీర తడుస్తూ మెల్లగా నీళ్ళలోకి దిగింది.

దుర్గ తిరిగి చూసింది. కళ్ళు తళతళా మెరుస్తున్నాయి. మొహంలో భయం లేదు. అది చూసి సన్యాసమ్మకి మరీ భయం వేసింది.

"వచ్చినావా అత్తా? సంద్రం లెగిసినప్పుడు పిల్ల తేల్తాదో నేదో ముందే సూసుకోవాల కదా."

"సూసుకోవాల," అంది సన్యాసమ్మ. ఆ గొంతు ఎవరిదో ఆమెకే తెలియలేదు. "మరి మెడకాడ బెండు కట్టనేదేటే? తల ములిగిపోదూ? ఇలగియ్యి. ఇంకోటి కట్టి సూద్దాం."

దుర్గ పాప మెడకేసి చూసింది. ఆలోచించింది. ఒక అల వచ్చి ఇద్దరి నడుములూ తడిపి వెళ్ళింది.

"అవునత్తా, మర్సిపోనాను," అని పాపని అందించింది.

బిడ్డ బరువు చేతుల్లోకి వచ్చాక సన్యాసమ్మ నీళ్ళలోనే కూలబడింది. పాపని మాత్రం పైకెత్తి పట్టుకుంది. అప్పుడు వచ్చింది కేక. లాగుతున్న తెప్పని వదిలేసి దుర్గ మొగుడు కామేశ్ పరుగెత్తుకొచ్చాడు.

ఇంటి దగ్గర జనం మూగారు. నూకాలమ్మ తేల్చేసింది. "ఒడ్డు గాలి సోకినాది. మంత్రమేసే దాసుడికి కబురెట్టండి." ఇంకో రోజైతే ఆ మాట సన్యాసమ్మే ముందు అనేది. ఇప్పుడు పాపని పొదుముకుని కూర్చుంది. కామేశ్ బెండ్లు విప్పుతున్నాడు. పుట్టినప్పటి నుంచి వల ముడులతో బతికినవాడికి ఆ ముడులు రావడం లేదు. చివరికి బ్లేడుతో కోశాడు.

"దాసుడూ వద్దు, ఎవడూ వద్దు. టెక్కలి ఎల్దాం," అన్నాడు. "పలాసలో జీడిపప్పు ఒలిసే ఒకామికి కానుపయ్యాక ఇలగే అయితే అక్కడ బాగుసేసినారంట. విశాఖ నుంచి వారానికోపాలి వత్తాడంట ఆ డాట్రు. ఇయాళే."

టెక్కలిలో ఆ డాక్టరు గది చిన్నది. దుర్గ ఆపకుండా మాట్లాడింది. సముద్రం, బెండ్లు, వల, సముద్రం. డాక్టరు అడ్డు రాలేదు. తలూపుతూ అంతా విన్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఆమె ఆగినప్పుడు అడిగాడు.

"రాత్రుళ్ళు నిద్రపోతున్నావా అమ్మా?"

"నాను తొంగుంటే ఎవలు సూత్తారండి?"

డాక్టరు సన్యాసమ్మ వైపు తిరిగాడు. "పగలేమైనా పడుకుంటోందా?"

ఈ ప్రశ్నకి సన్యాసమ్మ నడుం నిటారయింది. పొద్దున్నుంచి తలదించుకున్న మనిషికి చెప్పుకోదగ్గ మాట ఒకటి దొరికింది. "పగలా బాబూ? కునుకు తియ్యనిత్తానా? పురిటినాటి నుంచీ నా రెండు కళ్ళూ దీని మీదే. ఒక్క రెప్ప వాలనీనేదు."

మెప్పు కోసం చూసింది. డాక్టరు కలం బల్ల మీద పెట్టాడు. కామేశ్ నేల చూశాడు. ఎవరైనా ఒక మాట అంటే తిరిగి నాలుగు అనేది సన్యాసమ్మ. ఎవరూ అనలేదు.

"నా వల్లేనా బాబూ?" అంది.

"కాదమ్మా. కాన్పు తర్వాత కొందరికి ఇలా వస్తుంది. ఎంత బాగా చూసుకున్నా వస్తుంది. నిద్ర చెడితే మనసు చెదురుతుంది. మనసు చెదిరితే ఉన్న కాస్త నిద్రా పోతుంది. ఒకదాన్నొకటి లాక్కుపోతాయి." ఆయన అబద్ధం చెప్పే మనిషిలా లేడు. "పగలు పడుకోనివ్వకపోవడం మాత్రం ఆ దారిని ఇంకాస్త వెడల్పు చేసింది. కానీ ఇది గాలీ కాదు, ధూళీ కాదు. జబ్బు. మందులున్నాయి. నయమవుతుంది."

మాత్రలు చూపించాడు. ఎప్పుడెప్పుడు వేయాలో రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఈ మందు సర్దుకునేదాకా బిడ్డకి పాలు ఇంకెవరైనా ఇవ్వాలన్నాడు. తల్లినీ బిడ్డనీ ఒక్కక్షణం కూడా ఒంటరిగా వదలొద్దన్నాడు. "పగలో రాత్రో, నిద్ర ఎప్పుడొస్తే అప్పుడు పోనివ్వండి. రేపు మధ్యాహ్నానికి కూడా కన్ను మూయకపోతే విశాఖ తీసుకొచ్చేయండి. ఆసుపత్రిలో ఉంచాల్సిందే. ఆలస్యమైతే ప్రాణాల మీదకి వస్తుంది." లేవబోతున్న సన్యాసమ్మతో మెత్తగా అన్నాడు. "కాపలా మీకు బాగా తెలుసమ్మా. అదే కాపలా ఇప్పుడు తిరగేసి కాయండి."

బస్సులో పలాస దాకా, అక్కడి నుంచి ఆటోలో ఊరి దాకా సన్యాసమ్మ కోడలి చెయ్యి వదల్లేదు.

పాపని నాలుగిళ్ళ అవతల లక్ష్మమ్మ తీసుకుంది. ఆమెకీ చంటిబిడ్డ ఉన్నాడు. "ఒకడికున్నయ్యి ఇద్దరికీ వత్తాయిలే," అని రొమ్ముకి అదుముకుంది. దుర్గ మాత్ర మింగింది. మింగి కూడా కూర్చునే ఉంది. రెప్పలు బరువెక్కి పడిపోతుంటే వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. వచ్చిన నిద్రని గుమ్మంలోనే నిలబెట్టేవాళ్ళ సంగతి ఆ సామెత కట్టినవాళ్ళకి తట్టినట్టు లేదు.

తెల్లవారింది. రెండో మాత్ర కూడా పడింది. కామేశ్ విశాఖకి జీపు మాట్లాడటానికి పలాస వెళ్ళాడు. తాతారావు తప్పనిసరై తెప్ప మీద వెళ్ళాడు. ఇంట్లో అత్తా కోడలూ మిగిలారు.

సన్యాసమ్మ కోడలి పాదాలకి ఆముదం రాసింది. మాడుకి రాసింది. కిటికీకి చీర కట్టింది. "తొంగోవే తల్లీ," అంది. బతిమాలింది. చివరికి ఏడ్చింది.

"నువ్వే కదత్తా వొద్దన్నావు," అంది దుర్గ.

దెప్పడానికి అన్న మాట కాదు. ఉన్నమాట అంది. సన్యాసమ్మకి అది సూటిగా తగిలింది.

"అన్నాను. తప్పన్నాను. నా మాట నానే ఎనక్కి తీసుకుంతన్నాను. తొంగో."

"మరి సంద్రాన్నెవలు సూత్తారు?"

సముద్రం లేవదంటే ఈ పిల్ల నమ్మదు. ఎవరు ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. పెదాలు పగిలిపోయాయి, మెడ నిలబడటం లేదు, అయినా కాస్తోంది. ఊరందరి కోసం కాస్తోంది. ఒక్కతే కాస్తోంది. ఆ సంగతి ఇప్పుడు తెలిసింది సన్యాసమ్మకి. ఇంతకాలం కోడలిని తను కాచాననుకుంది. కోడలు వీళ్ళందరినీ కాచింది. మొన్న మొగుడు అన్న మాట, తను నవ్వి తోసేసిన మాట, గుర్తొచ్చింది.

లేచి వెళ్ళి గడప మీద కూర్చుంది. మొహం సముద్రం వైపు, వీపు కోడలి వైపు. కుడిచెయ్యి వెనక్కి చాపింది.

"దుర్గా. సాలాసేపు కాసినావు. ఇంక నా వంతు. సుక్కాని ఇలగియ్యి."

దుర్గ తాత, తండ్రి, మొగుడు అందరూ సముద్రం మీద బతికినవాళ్ళే. వంతు అంటే ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. చాప కదిలింది. సన్యాసమ్మ అరచేతిలోకి ఏదో వచ్చింది. వెదురు సూది. ఇంతసేపూ పిడికిట్లో ఉన్నట్టుంది, వెచ్చగా ఉంది. కానీ రెండో కొస దుర్గ ఇంకా వదల్లేదు.

"పట్టుకున్నాను," అంది సన్యాసమ్మ.

"గట్టిగా పట్టుకున్నావా?"

"పట్టుకున్నానే. ఒగ్గు."

సూది మీద బరువు పోయింది. వెనక గాజులు ఒకసారి నేలకి తగిలాయి. తర్వాత ఊపిరి వినపడింది. మొదట ఎగుడుదిగుడుగా, వెక్కిళ్ళలా. తర్వాత కొంచెం పొడుగ్గా. తర్వాత ఇంకా పొడుగ్గా.

వెనక్కి తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంది. చూడలేదు. వంతులో ఉన్నవాళ్ళు ముందుకే చూడాలి. ఎన్నో కాన్పులు చూసింది, ఎన్నో చావులు చూసింది. ఒక మనిషికి నిద్ర రావడం ఇంత పెద్ద సంగతని ఆమెకి ఏనాడూ తెలియదు. పిల్ల పుట్టినప్పుడు కూడా ఇలా ఊపిరి బిగపట్టలేదు. కళ్ళ నీళ్ళు వాటంతటవే కారిపోతున్నాయి. తుడుచుకుంటే గాజుల చప్పుడవుతుందని తుడుచుకోలేదు.

ఒక కుక్క వచ్చింది. నెత్తళ్ళ దగ్గర ఆగి సన్యాసమ్మ వైపు అనుమానంగా చూసింది. సరుగుడు కొమ్మ పక్కనే ఉంది. సన్యాసమ్మ కదల్లేదు. కుక్క నమ్మలేక ఇంకాసేపు చూసి, తలవంచి తినడం మొదలుపెట్టింది. ధైర్యం వచ్చి కాకులు కూడా దిగాయి. తినండర్రా, అరవకుండా తినండి, అనుకుంది.

తెప్పలు రావడం మొదలైంది. ఇంటికి ఎదురుగానే తాతారావు తెప్ప ఒడ్డు తాకింది. మనుషులు తాళ్ళందుకుని పాటకి ఊపిరి పీల్చారు. పాట లేకుండా ఆ ఊళ్ళో తెప్ప లాగడం ఎవరూ ఎరగరు. పాట మీదే కాళ్ళు కదులుతాయి. సన్యాసమ్మ గడప మీద కూర్చునే చెయ్యి పైకెత్తింది. తర్వాత ఆ చేతినే చెంప కింద పెట్టుకుని తల వాల్చి చూపించింది. తాతారావు ఒక్కక్షణం అర్థం కానట్టు చూశాడు. వెంటనే వెనక్కి తిరిగి నోటి మీద వేలు పెట్టాడు.

వాళ్ళు పాట లేకుండా లాగారు. ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకుంటూ, తల ఊపు మీద అడుగు వేస్తూ లాగారు. రెండుసార్లు అడుగు తప్పి తాడు జారింది, ఒకడు వెల్లకిలా పడ్డాడు. వాడు కూడా నోరెత్తలేదు. అంత బరువు తెప్ప ఇసుక మీద బరబరా పాకుతూ పైకి వచ్చింది. దాని వెనక వచ్చిన తెప్ప వాళ్ళూ అలాగే లాగారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒకరి నుంచి ఒకరికి సైగే వెళ్ళింది. ఆ పూట చినరేవు ఒడ్డున అల చప్పుడు తప్ప మనిషి చప్పుడు లేదు. సన్యాసమ్మ అది చూస్తూ రెండు చేతులూ జోడించింది. దండం ఎవరికో ఆమెకీ తెలియదు.

కామేశ్ జీపుతో వచ్చాడు. ఊరి మొదట్లోనే తండ్రి ఎదురెళ్ళి ఇంజను ఆపించాడు. కామేశ్ చెప్పులు విడిచి నడిచొచ్చి, కిటికీకి కట్టిన చీర తొలగించి చూశాడు. దుర్గ నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి తల కింద, ఒక చెయ్యి ఖాళీగా నేల మీద పెట్టి పడుకుని ఉంది. పిడికిలి విచ్చుకుని ఉంది. కామేశ్ అక్కడే గోడకి చేరగిలబడి కూర్చుండిపోయాడు. జీపు వెనక్కి వెళ్ళిపోయింది.

నూకాలమ్మ వచ్చింది. లోపలికి తొంగిచూసి బుగ్గలు నొక్కుకుంది. "అయ్యయ్యో, పట్టపగలు తొంగోబెట్టేసినావేటే? నువ్వేనా?"

"నానే అప్పా," అంది సన్యాసమ్మ గుసగుసగా, సముద్రం మీంచి చూపు తిప్పకుండా.

"ఒళ్ళు నీరు పట్టేత్తాదే!"

"పడితే పట్టనీ. మెల్లగా మాటాడు."

నూకాలమ్మ ఏదో అనబోయింది. కుక్క తింటున్న నెత్తళ్ళనీ, దాని పక్కన ఊరికే పడి ఉన్న సరుగుడు కొమ్మనీ, ఉలుకూ పలుకూ లేని సన్యాసమ్మనీ మార్చి మార్చి చూసింది. చివరికి తను కూడా గడప కింద చతికిలబడింది. కాసేపటికి కొమ్మ తీసుకుని కాకుల్ని తోలడం మొదలుపెట్టింది, హుష్ అనకుండా.

పొద్దు వాలింది. సన్యాసమ్మ వీపు కట్టెలా బిగుసుకుపోయింది. పొద్దున్నుంచి నీళ్ళు కూడా తాగలేదు. పుట్టినప్పటి నుంచి ఈ సముద్రం పక్కనే ఉంది గానీ, ఇంతసేపు ఎప్పుడూ దాన్ని చూడలేదు. అంత నీరు, ఎవరూ పిలవకపోయినా వచ్చి, ఎవరూ పొమ్మనకపోయినా వెనక్కి పోతోంది. రేపు ఇంకా ఉంది. టెక్కలి వెళ్ళాలి, మాత్రలు నెలల తరబడి వాడాలి, పాప అమ్మ దగ్గరికి మెల్లమెల్లగా చేరాలి. అవన్నీ ఉన్నాయి.

వెనక చాప కదిలింది.

"అత్తా." గొంతు మందంగా ఉంది, నిద్ర గొంతు. "ఒగ్గేసినావా?"

సన్యాసమ్మ వెదురు సూదిని తలకంటే పైకెత్తి చూపించింది.

"నేదే. పట్టుకునే ఉన్నాను."

"ఊఁ," అని దుర్గ అటు తిరిగి పడుకుంది.